కాళ్లొచ్చిన చేప

హైదరాబాదులో చదువు ముగించుకుని సిద్దిపేటకు వచ్చిన ఏడాది నాకు ఎక్కడా కాలు నిలిచేది కాదు. బడిలో పాఠం చెబుతుంటే ఇంటికి పోవాలనిపించేది. ఇంటికొచ్చి బాపు మగ్గం పక్కన కూర్చుంటే బజారుకు పోవాలనిపించేది. బజారులో నలుగురు కలిస్తే వాళ్లతో వాదం పెట్టుకుని, అన్నం వేళకు మూతి ముడుచుకుని ఇంటికి చేరేవాణ్ని. ఇరవై రెండేళ్ల వయసు. మా సాలెవాడలో నాకంటే ముందు అంత చదువు చదివినవాడు లేడు. ఆ సంగతి నేను ఒక్క పూట కూడా మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

నగరంలో ఉండగా ఒక ఉర్దూ పుస్తకం నా చేతికి చిక్కింది. భూమి ఎట్లా చల్లబడింది, నీళ్లలో ప్రాణం ఎట్లా పుట్టింది, అది మనిషి దాకా ఎట్లా వచ్చింది అని అందులో ఉంది. మధ్యలో మడతపెట్టిన ఒక పెద్ద బొమ్మ. ఎడమ పక్క చేప, దాని తర్వాత కాళ్లొచ్చి ఒడ్డెక్కుతున్న చేప, ఆ తర్వాత బల్లిలాంటిది, కోతి, నడుం వంగిన వెంట్రుకల మనిషి, చివర నిటారుగా నిలబడ్డ మనిషి. ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. చిన్నప్పటి నుంచి నాకు కథలు చెప్పినవాళ్లంతా కలిసి నన్ను మోసం చేశారని కోపం వచ్చింది. ఊరికి బయల్దేరినప్పుడు ట్రంకు పెట్టెలో బట్టలకంటే ముందు ఆ పుస్తకం పెట్టుకున్నాను.

మా కులానికి ఒక పుట్టుక కథ ఉంది. హోమగుండంలో నుంచి ఒక రుషి పుట్టాడు, దేవతలు ఒంటి మీద బట్టలేక సిగ్గుపడుతుంటే తామరతూడులో నుంచి దారం తీసి తొలి బట్ట నేశాడు, మేమంతా ఆయన సంతానం. ఆ కథను బాపు నమ్మేవాడు అనడం కూడా సరికాదు. తన తాత తనకు ఎట్లా తెలుసో, ఆ రుషి కూడా అట్లాగే తెలుసు. పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు పెట్టే ముందు ఆయనకు దండం పెట్టుకునేవాడు. నేను పుస్తకం తెచ్చి ఆ బొమ్మ విప్పి బాపు ముందు పరిచేవాణ్ని. ఒకసారి కాదు, ఇరవైసార్లు. బాపు చూసేవాడు, తల ఆడించేవాడు, ఒకటే మాట అడిగేవాడు.

"నేసెటోడు లేకుండ చీర నేసుకుంటదా? గింత చీరకే ఒకడు కావాల్నంటే, గంత లోకానికి వద్దా?"

నా దగ్గర జవాబు ఉందనుకున్నాను. మన మగ్గం మాత్రం ఒక్క రోజులో పుట్టిందా అన్నాను. పోగును అటూ ఇటూ మోసే నాడెను తాత చేత్తో విసిరేవాడు, నువ్వు తాడు లాగి కొడుతున్నావు, మార్పు మీద మార్పు వచ్చి ఇంతదాకా వచ్చింది, జీవాలు కూడా అంతే అన్నాను. బాపు నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పి, ఆ మార్పు చేసింది మనిషా, మగ్గం తనంతట తానే చేసుకుందా అని అడిగాడు. మాట తోచకపోతే గొంతు పెంచడం నాకు అలవాటు. నేను గొంతు పెంచగానే బాపు మగ్గం ఆడించడం మొదలుపెట్టేవాడు. ఆ చప్పుడులో నా సైన్సు ఎవరికీ వినబడేది కాదు. తన కొడుక్కు కొలువు వచ్చింది గానీ ఓపిక రాలేదని అవ్వ పొయ్యి దగ్గర నుంచి అనేది.

అవి యుద్ధం రోజులు. నూలు సర్కారు కంట్రోలులోకి పోయింది. వాడలో సగం మగ్గాలు ఆగిపోయాయి. బట్ట నేసేవాళ్ల ఇంట్లో అవ్వ చీరకు మూడు అతుకులు ఉండేవి. ఇంతమంది చేతులు ఖాళీగా కూర్చుంటే మాటలు రకరకాలుగా పోతాయి. చివరికి కులపెద్దలు తేల్చిన కారణం ఏమిటంటే, మా పటం చిరిగిపోయింది, అందుకే కులానికి ఈ కష్టం వచ్చింది అని.

పటం అంటే మా పుట్టుక కథ అంతా బొమ్మలుగా వేసిన పొడుగాటి గుడ్డ. నిలువుగా పాతిన నిట్టాడు కర్రకు వేలాడదీసి, పై నుంచి ఒక్కో వరుసా కిందికి విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపిస్తూ కథ చెబుతారు. మా వాడకు ఆ కథ చెప్పే పెద్దాయన ఒకాయన దౌల్తాబాద్ దిక్కు ఊళ్లో ఉండేవాడు. అక్షరం రాదు. బొమ్మను చూస్తే కథ నోట్లో నుంచి వచ్చేది. వాళ్ల తాత మా తాతలకు చెప్పాడు, వాళ్ల నాయిన మా బాపుకు చెప్పాడు. సిద్దిపేటలో మా ఇళ్లకు కథ చెప్పే హక్కు వాళ్ల వంశానిది. ఏడాదికొకసారి మా ఇళ్లలో దొరికే తిండిగింజలు, బట్టలే ఆయన ఇంటిల్లిపాది బతుకు. ఆ హక్కు మీద ఆయన చిన్నాయిన కొడుకు కన్నేసి చాలా ఏళ్లయింది. వాడిది మంచి గొంతు, నెత్తికి జరీ రుమాలు చుట్టేవాడు, ఎప్పుడు కలిసినా పెద్దాయనకు మతిమరుపు వచ్చిందని చెప్పుకుంటూ తిరిగేవాడు.

కొత్త పటానికి గుడ్డ మా వాడ మగ్గం మీదే నేయాలి. ఆ పని బాపుకు అప్పజెప్పారు. ఆ గుడ్డ కోసం బాపు తన వాటా నూలులో కొద్దికొద్దిగా దాచి ఏడాది కూడబెట్టాడు. నేసేటప్పుడు చెప్పులు వాకిట్లో విడిచి, ఒక్క పూట తిని నేశాడు. ఇంకో ఆచారం కూడా ఉంది. కొత్త పటంలో బొమ్మలకు కన్నులు పెట్టి, పూజ చేసి నలుగురి ముందు విప్పేదాకా కథకుడు దాన్ని చూడకూడదు. అట్లా మొదటిసారి విప్పిన రోజు తొలి వరుస నుంచి చివరి వరుస దాకా కథ తెగకుండా చెప్పినవాడికే ఆ పటం, ఆ పటంతో పాటు హక్కు. పోగు తెగితే ముడేసుకోవచ్చు గానీ కథ తెగితే ముడి లేదనేవాళ్లు. ఇదంతా బాపు నాకు చెప్పాడు. నేను విన్నాను, ఒక చెవితో.

మామూలుగా అయితే కథకుడే చిత్రకారుడి ఇంటికి పోయి, గోడ అవతల కూర్చుని వరుసలు చెప్పేవాడట. ఆ ఏడాది చేర్యాలకు బయల్దేరి సిద్దిపేట దాకా వచ్చేసరికి పెద్దాయనకు చలిజ్వరం పట్టుకుంది. ఆయన మా అరుగు మీద గొంగడి కప్పుకుని పడుకుని, కళ్లు మూసుకుని ఒక్కో వరుసలో ఏ బొమ్మ రావాలో చెబుతుంటే నేను కాగితం మీద రాశాను. ఇంట్లో రాయడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. రెండు రోజులు పట్టింది. నాలుగో వరుసలో బ్రహ్మ లోకాన్ని సృష్టిస్తాడు, ఆ తర్వాత వరుసలో హోమగుండం. ఆ రెంటి మధ్య కాగితంలో కొంచెం జాగ వదిలాను. వదిలినప్పుడే నా మనసులో ఆ ఆలోచన ఉందో లేదో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను.

కాగితం, గుడ్డ తీసుకుని ఎడ్లబండిలో చేర్యాల పోయాను. అక్కడ పటాలు వేసే నకాషీల ఇళ్లున్నాయి. ముసలి చిత్రకారుడు అప్పటికే చింతగింజల జిగురు, సుద్ద కలిపి సిద్ధంగా ఉన్నాడు. ఆయనకూ అక్షరం రాదు. నేను కాగితం చూసి చదివితే ఆయన గీసేవాడు. నాలుగో వరుస అయ్యాక నేను పుస్తకం తీసి మడత బొమ్మ విప్పాను. ఐదో వరుస ఇది అన్నాను.

ఆయన చాలాసేపు చూశాడు. తన తాత గీసిన పటంలో ఇది లేదన్నాడు. నేను కాగితం చూపించి, ఇందులో ఉన్నది, పెద్దాయన చెబితే రాశాను అన్నాను. ఆ అబద్ధం ఆడటంలో నాకు సంతోషం కూడా ఉంది, అది దాచను. కాగితం మీద ఉంటే ఇక తనకు మాట లేదని ఆయన ఉడత వెంట్రుకల కుంచె అందుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది చూస్తే నా పుస్తకం రాసినవాళ్లు ఏమయ్యేవాళ్లో. చేపకు ఇంతింత కళ్లు వచ్చాయి. దాని కాళ్లకు కడియాలు వచ్చాయి. కిరీటం లేని కోతిని తాను గీయనని చిత్రకారుడు మొండికేస్తే చిన్న కిరీటానికి ఒప్పందం కుదిరింది. వంగిన మనిషి దగ్గర అసలు కుంచె ఆగిపోయింది. బట్ట లేని మనిషిని గీస్తే నేతగాళ్లే తనను తిడతారన్నాడు. బతిమాలినా వినలేదు. ఒళ్లంతా వెంట్రుకలున్న ఆ మనిషికి ఎర్రంచు పంచె కట్టాడు. నేను చెప్పదలచుకున్న సంగతి నా కళ్ల ముందే ఇంకో పురాణమైపోతోందని నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. మొదటి రోజు పటం విప్పినప్పుడు జనం గోల చేస్తారు, ఇదేంది అని అడుగుతారు, నేను లేచి అందరికీ అసలు సంగతి చెబుతాను అని ఊహించుకుంటూ కూర్చున్నాను. చెప్పబోయే ఉపన్యాసం రాసి జేబులో పెట్టుకున్నాను కూడా.

కిరసనాయిలు దొరకని రోజులు కాబట్టి పటం విప్పడం పగలే పెట్టారు. కులం సావడి ముందర వాడంతా చేరింది. పెద్దాయన జ్వరం తగ్గి చిక్కిపోయి ఉన్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, పుల్ల పట్టుకుని, గణపతికి దండం పెట్టి మొదలుపెట్టాడు. చిన్నాయిన కొడుకు జరీ రుమాలు చుట్టుకుని ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వరుసలు నీళ్లు పారినట్టు పోయాయి. ఐదో వరుస కిందికి దిగింది.

పుల్ల చేప మీదికి పోయి ఆగింది. అక్కడి నుంచి బల్లి మీదికి, కోతి మీదికి పోయింది, మళ్లీ వెనక్కి చేప దగ్గరికి వచ్చింది. పక్కన తాళం వేస్తున్న పెద్దాయన కొడుకు ఆపలేదు, తండ్రి అందుకుంటాడని వాయిస్తూనే ఉన్నాడు. పెద్దాయన నీళ్లు అడిగి తాగాడు. మళ్లీ చూశాడు. తాళం ఆగిపోయింది. అప్పుడు మా వైపు తిరిగాడు.

"గీ బొమ్మల కత నాకు తెల్వదు. మా నాయిన చెప్పలే. తెల్వని కత చెప్తే మిమ్ములను మోసం చేసినట్టైతది."

నా చెయ్యి జేబులో కాగితం మీదే ఉంది. లేవాల్సింది అప్పుడే. కాగితాన్ని జేబులోనే ఇంకో మడత పెట్టాను. నేను లేచేలోపే చిన్నాయిన కొడుకు లేచాడు. తనకు తెలుసన్నాడు. పుల్ల అందుకుని, ఒక్క క్షణం తడుముకోకుండా చెప్పుకుపోయాడు. దేవతలకు బట్ట నేస్తున్నారని విని సముద్రంలో చేప తనకూ ఒక గుడ్డ కావాలని రుషికి మొక్కిందట. నడిచి రమ్మని రుషి దానికి కాళ్లిచ్చాడట. కోతి దారం వడికిందట. వెంట్రుకల మనిషి ఆ దారాన్ని కండెలు చుట్టాడట, అందుకే అతని నడుం వంగిపోయిందట. జనం నవ్వారు. ఆడవాళ్లు చేపకు దండం పెట్టారు. నా మహా శాస్త్రమంతా రెండు నిమిషాల్లో కండెలు చుట్టే పనికి కుదిరింది.

పెద్దలు అక్కడే తీర్పు చెప్పారు. పెద్దాయన చేతిలో కథ తెగింది. పటం, హక్కు చిన్నాయిన కొడుక్కు పోయాయి. పెద్దాయన తన పాత పుల్లను తిరిగి తీసుకుని కొడుక్కిచ్చి, జనం మధ్యలో నుంచి ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. నా పక్క నుంచే పోయాడు.

ఆ తర్వాతి రోజుల్లో నాకు ముళ్ల మీద ఉన్నట్టే ఉండేది. బడిలో పిల్లలను నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుండేది, ఆ సంగతి నీకెట్లా తెలుసు అని. అది ఇప్పుడు నోట్లోకి వచ్చి ఆగిపోయేది. ఒకరోజు ఏదో అడిగితే ఒక పిల్లవాడు లేచి "మాలూం నై సాబ్" అని, తెలియదని ఉర్దూలో చెప్పాడు. అలవాటు కొద్దీ బెత్తం ఎత్తాను. ఆ మాటకు నేను ఎంతమందిని కొట్టానో అప్పుడు గుర్తొచ్చింది. బెత్తం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఊరంతా రెండుసార్లు చుట్టాను. ఎక్కడ ఆగినా ఆ ముసలాయన నీళ్లు తాగుతున్నట్టే కనబడింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బాపు మగ్గం గుంటలో నుంచి లేచి, నా ట్రంకు పెట్టె తెరిచి, పుస్తకం తెచ్చి నా ముందు మడత బొమ్మ విప్పాడు. ఆ బొమ్మను ఇరవైసార్లు ఆయన ముందు పరిచింది నేనే. ఆయన గుర్తుపడతాడని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నేను ఎంత తెలివిగలవాణ్నో చూడండి.

"గీ చేపను నేను నాడే గుర్తువట్టిన," అన్నాడు. "నీ అంతట నువ్వు చెప్తవని చూసిన. నీ పుస్తకంల ఉన్నది నిజమే కావచ్చు. నిజమైతే దొంగతనంగ ఎందుకు పెట్టినవ్?"

తాను ఒక్క పూట తిని నేసిన గుడ్డ అని గానీ, ఏడాది దాచిన నూలు అని గానీ బాపు అనలేదు. ముసలాయన దగ్గరికి ఎప్పుడు పోతున్నావని మాత్రం అడిగాడు.

మర్నాడే పోయాను. కొంత దూరం ఎవరిదో బండి దొరికింది, మిగతాది నడిచాను. పెద్దాయన ఇంట్లో లేడు. హక్కు పోయాక ఒక రైతు జొన్నచేనులో పిట్టలు తోలడానికి కుదిరాడట. చేను మధ్య మంచె మీద వడిసెల పట్టుకుని కూర్చున్నాడు. మా కులం పుట్టుక కథ చెప్పిన గొంతుతో పిచ్చుకలను అదిలిస్తున్నాడు. నన్ను చూసి పైకి రమ్మన్నాడు. పైకెక్కి కూర్చున్నాక అంతా చెప్పాను. కాగితంలో జాగ వదిలిన సంగతి, చిత్రకారుడికి చెప్పిన అబద్ధం, జేబులో ఉపన్యాసం, ఏదీ దాచలేదు.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. వడిసెలలో రాయి పెట్టి విసిరాడు, ఇంకోటి విసిరాడు. తాను కళ్లు మూసుకుని చెబుతుంటే నేను రాస్తున్నానని ఎంత నమ్మాడో చెప్పాడు. ఇప్పుడు తన కొడుకు తన ముందు నోరు తెరవడం లేదని, తండ్రికి మతిపోయిందని వాడూ నమ్ముతున్నాడని చెప్పాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

వడిసెల ఒళ్లో పెట్టుకుని ఆయనే, అయితే ఆ బొమ్మల అసలు కథ ఏమిటని అడిగాడు. నాకు నమ్మకం కలగలేదు. ఎగతాళి అనుకున్నాను. కాదు, ఆయనకు కావాలి. కథకుడు కదా, ఐదో వరుస ఆయనను కూడా నిద్రపోనివ్వడం లేదు. చెప్పాను. రాళ్లలో దొరికిన ఎముకల గురించి, నీళ్లలో బతుకు గురించి తెలిసినంత చెప్పాను. పిట్టలు వచ్చి జొన్న తింటున్నా ఆయన వడిసెల ఎత్తలేదు. చేపకు కాళ్లు రావడానికి ఎన్ని తరాలు పట్టిందని అడిగాడు. చాలా పట్టిందన్నాను. చాలా అంటే ఎన్ని అన్నాడు. నాకు తెలియదన్నాను.

ఆయన మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"గా మాట నాడు నాకు శాన కష్టమైంది బిడ్డా. నీకు గిప్పుడు అల్కగ వచ్చింది, మంచె మీద ఎవ్వలు లేరు గనుక. పోయి పదిమందిల అను."

వారం తిరక్కముందే సావడి ముందు వాడంతా మళ్లీ కూడింది. బాపు పెద్దలను అడిగి అందరినీ పిలిపించాడు. నేను లేచి నిలబడి చెప్పాను. ఉపన్యాసం కాదు, చేసిన తప్పు. ఐదో వరుస పెద్దాయన చెప్పింది కాదు, నేను దొంగతనంగా పెట్టించింది, దానికి మన పురాణంలో కథ లేదు, లేదని చెప్పినవాడే నిజం చెప్పాడు అన్నాను. వెనక నుంచి ఎవరో చెప్పు విసిరారు. అది నాకు తగల్లేదు, పక్కాయనకు తగిలింది, అదో గొడవ. చిన్నాయిన కొడుకు తాను కథ బాగానే చెప్పాడు కదా అని వాదించాడు. విచిత్రం ఏమిటంటే సగం మంది వాడి పక్షమే. చేప కథ బాగుందని, ఉండనివ్వమని ఆడవాళ్లు కూడా అన్నారు. లేని కథ అంత తడుముకోకుండా చెప్పినవాడు ఉన్న కథను ఎట్లా చెబుతాడో ఆలోచించమని బాపు ఒక్కడే అన్నాడు. మగ్గం చప్పుడు లేకుండా బాపు నలుగురిలో మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. హక్కు పెద్దాయనకే. నేను పటాన్ని నెత్తిన పెట్టుకుని చేర్యాల దాకా నడిచిపోవాలి, ఆ వరుస తీసేయించి అట్లాగే నడిచి రావాలి.

నడిచాను. మెడ పట్టేసింది. చిత్రకారుడు సంగతి విని కుంచె కింద పడేశాడు. కాగితం మీద రాసినవాడు కూడా అబద్ధమాడతాడని తనకు ఇన్నేళ్లలో తెలియదన్నాడు. కన్నులు పెట్టిన బొమ్మను గీకేస్తే చంపినట్టని, ఆ పని తాను చేయనని అన్నాడు. చివరికి దానికి దండం పెట్టి, చేప మీద, కోతి మీద, పంచె కట్టిన మనిషి మీద ఎర్ర రంగు పూసేశాడు. రంగు గిన్నె నా చేతనే పట్టించాడు. ఐదో వరుస మొత్తం ఉత్త ఎరుపైంది.

ఆ ఏడు, ఆ తర్వాతి ఏడు పెద్దాయన కథ చెప్పాడు. నాలుగో వరుస కాగానే ఎర్రటి జాగ మీద పుల్ల ఆనించి, ఇక్కడ ఏముందో తనకు తెలియదని చెప్పి కిందికి విప్పేవాడు. అది కూడా కథలో ఒక భాగమైపోయింది. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నేను తల దించుకునేవాణ్ని. బాపుకూ నాకూ మధ్య ఆ పుస్తకం మాట మళ్లీ రాలేదు. నేను బడిలో తెలియదన్న పిల్లవాణ్ని కొట్టడం మానేశాను. ఒంట్లో తీరుబాటు లేనితనం మాత్రం పోలేదు. బాపుతో వాదించకుండా ఉండటం వాదించడంకంటే కష్టంగా ఉండేది.

తర్వాత ఊళ్లు అట్టుడికిపోయాయి. మనిషి పక్క ఊరికి పోవాలంటే భయపడే రోజులు వచ్చాయి. పటం ఎవరి అటక మీదో చుట్ట చుట్టి ఉండిపోయింది. రాజ్యం మారి అంతా సద్దుమణిగాక మళ్లీ సావడి ముందు పటం కట్టారు. పెద్దాయన బాగా ముసలివాడయ్యాడు, కొడుకు చెయ్యి పట్టుకుని నిలబెడితే నిలబడ్డాడు. బాపు నా పక్కనే కూర్చున్నాడు. నాలుగో వరుస ముగిసి ఐదోది దిగింది. చుట్టిన మడతల దగ్గర ఎరుపు పెచ్చులు లేచిపోయి, ఇంత పెద్ద కన్ను ఒకటి, కడియం వేసిన కాలు ఒకటి బయటపడ్డాయి.

ముందు కూర్చున్న చిన్నపిల్ల ఒకతి అదేందని గట్టిగా అడిగింది. పెద్దాయన తనకు తెలియదన్నాడు. ఎప్పటిలా కిందికి విప్పలేదు. పుల్ల ఎత్తి జనం మీదుగా నా వైపు చూపించాడు.

"గా పంతులుకు కొంత తెలుసు. గాయిననడుగు."

తలలన్నీ తిరిగాయి. నేను లేచాను. జేబులో కాగితం లేదు. చేప గురించి, కాళ్ల గురించి, రాళ్లలో ఎముకల గురించి తెలిసినంత చెప్పాను. ఇది మన పురాణం కాదు, పుస్తకంలో చదివింది, వేరేవాళ్లు వెతికి తెలుసుకున్నది అని ముందే చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు విన్నారు. కూర్చోబోతుంటే బాపు తలెత్తి, అందరూ వింటుండగా నన్ను అడిగాడు.

"నీళ్లల్ల మంచిగనే ఉన్న చేప ఒడ్డెందుకెక్కింది?"

ఆయన గొంతులో ఎగతాళి లేదు. నేను ఆలోచించాను. పుస్తకంలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది, నాకు గుర్తు రాలేదు. నాకు తెలియదు బాపూ అన్నాను. బాపు తల ఆడించి, కొంచెం జరిగి నాకు కూర్చోవడానికి జాగ ఇచ్చాడు. పెద్దాయన ఆరో వరుస విప్పాడు.